పాత టూ-వే, త్రీ-వే లౌడ్‌స్పీకర్లలో క్రాస్‌ఓవర్, ఫేజ్

వినికిడి పరిధిని రెండు మూడు భాగాలుగా పంచి, ఒక్కో భాగాన్ని ఒక్కో డ్రైవర్‌తో పలికించే లౌడ్‌స్పీకర్లను టూ-వే, త్రీ-వే స్పీకర్లంటారు. మంద్ర స్వరాలు వూఫర్‌వి, తార స్వరాలు ట్వీటర్‌వి, నడుమ వచ్చేవి మిడ్‌రేంజ్‌వి. ఈ పంపకం చేసేది పెట్టె లోపలుండే క్రాస్‌ఓవర్. పాత స్పీకర్లలో అది నాలుగైదు కెపాసిటర్లు, కాయిల్స్, రెసిస్టర్లు బిగించిన చిన్న చెక్కముక్కో బోర్డో అయి ఉంటుంది.

పంపకం ఏ సరిహద్దు దగ్గరా కోసినట్టు జరగదు. వూఫర్ తగ్గుతూ ట్వీటర్ పెరుగుతూ ఉండే మధ్య పట్టీలో రెండూ ఒకే స్వరాన్ని పలుకుతాయి. తరంగం తన ఆవర్తనంలో ఏ క్షణంలో ఎంతవరకు వచ్చిందో చెప్పేదే ఫేజ్. పూర్తి ఆవర్తనం 360 డిగ్రీలు. రెండు డ్రైవర్ల తరంగాలు ఒకే ఫేజ్‌లో చెవిని చేరితే కలిసి బలపడతాయి. 180 డిగ్రీల తేడాతో, సమానమైన బలంతో చేరితే ఒకదాన్నొకటి చెరిపేస్తాయి. ఉయ్యాలను ఒకే వైపు నిలబడి ఇద్దరు ఊపుతున్నప్పుడు ఒకరు తోసే క్షణంలోనే రెండోవారు లాగితే అది కదలదు కదా, అలాగే. ఏ డ్రైవర్‌కు ఆ డ్రైవర్ బాగున్నా, రెండూ కలిసే పట్టీలో స్వరం పలచబడితే గాయకుడి గొంతు వెనక్కి పోయినట్టో, వయొలిన్ బొంగురుపోయినట్టో వినిపిస్తుంది.

పాత స్పీకర్లో ఈ ఫేజ్ మూడు చోట్ల నిర్ణయమవుతుంది: డ్రైవర్లకు తీగలు కలిపిన దిశలో, క్రాస్‌ఓవర్ వడపోతలో, డ్రైవర్లను పెట్టెలో అమర్చిన తీరులో. రూపకర్త ఈ మూడింటినీ ఒకదానితో ఒకటి సరిచూసుకుంటాడు. అందుకే వాటిలో ఒక్కదాన్నే పట్టుకుని "బాగుచేయడం" పాత స్పీకర్ల విషయంలో తరచూ చెడగొట్టడంగా మారుతుంది.

సినిమా తెర వెనక మొదలైన సమస్య

నేటికీ వాడుకలో ఉన్న మూవింగ్ కాయిల్ కోన్ స్పీకర్‌కు పునాది వేసింది జనరల్ ఎలక్ట్రిక్ ఇంజినీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ 1925లో ప్రకటించిన పరిశోధన. వెడల్పాటి కోన్ మంద్ర స్వరాలను బాగా పలుకుతుంది గాని, తార స్వరాల దగ్గరకు వచ్చేసరికి బరువై తడబడుతుంది, ధ్వనిని సన్నటి కిరణంలా ఎదురుగా మాత్రమే పంపుతుంది. పనిని పంచక తప్పలేదు.

ఆ పంపకాన్ని పెద్ద ఎత్తున చూపించింది బెల్ ప్రయోగశాల. 1933 ఏప్రిల్ 27న ఫిలడెల్ఫియాలో వాయిస్తున్న ఆర్కెస్ట్రాను మూడు ఛానళ్లలో టెలిఫోన్ తీగల మీదుగా వాషింగ్టన్‌లోని కాన్‌స్టిట్యూషన్ హాలుకు పంపి వినిపించారు. ఆర్కెస్ట్రా నిర్వాహకుడు లియొపోల్డ్ స్టొకోవ్‌స్కీ ఆ రోజు వాద్యకారుల ముందు లేడు, వాషింగ్టన్ హాల్లో ధ్వని నియంత్రణల దగ్గర కూర్చున్నాడు. అక్కడ వాడిన స్పీకర్లు టూ-వే హార్న్‌లు, పంపకం 300 హెర్ట్జ్ వద్ద.

అదే తరహా వ్యవస్థను సినిమా హాళ్లకు మలచబోయిన ఎంజీఎం స్టూడియో ఇంజినీర్లకు ఒక చిక్కు ఎదురైంది. ఎలినార్ పావెల్ టాప్ డ్యాన్స్ దృశ్యంలో బూటు తాళం ఒక్కొక్కటీ రెండుసార్లు వినిపించిందని సినీ ధ్వని చరిత్రలో తరచూ చెప్పుకుంటారు. కారణం హార్న్‌ల పొడవు. బేస్ హార్న్ లోపలి దారి ట్రెబుల్ హార్న్ దారికన్నా చాలా అడుగులు ఎక్కువ. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది కాబట్టి, 8 అడుగుల తేడా అంటే 7 మిల్లీసెకన్ల ఆలస్యం. తాళం లాంటి పదునైన చప్పుడులో అది తెలిసిపోతుంది. ఆ స్టూడియోలో డగ్లస్ షియరర్ నడిపిన ధ్వని విభాగంలో జాన్ హిల్లియర్డ్, జేమ్స్ లాన్సింగ్ తదితరులు దారుల తేడాను బాగా తగ్గించి తయారుచేసిన షియరర్ హార్న్ వ్యవస్థకు 1936 సంవత్సరపు అకాడమీ సాంకేతిక పురస్కారం దక్కింది. ఆ తరువాతి సినిమా స్పీకర్లలో చాలావాటికి వంశమూలం అదే. ఫేజ్, కాల సమన్వయం అన్నవి 1970ల ప్రకటనకర్తలు కనిపెట్టినవి కావనడానికి ఈ ఒక్క ఉదంతం చాలు.

ఆ సంప్రదాయంలో వచ్చిన ఆల్టెక్ "వాయిస్ ఆఫ్ ద థియేటర్" ఏ7లో పంపకం 500 లేదా 800 హెర్ట్జ్ వద్ద, వాడిన ట్రెబుల్ హార్న్ పరిమాణాన్ని బట్టి ఉంటుంది. ట్రెబుల్ హార్న్ బేస్ పెట్టె పైన కూర్చునే చోట దాన్ని ముందుకు వెనక్కి జరిపి రెండు డ్రైవర్ల ఫేజ్ కలిసే స్థానం వెతకవచ్చు. 800 హెర్ట్జ్ తరంగదైర్ఘ్యం 43 సెంటీమీటర్లు. హార్న్‌ను 10 సెంటీమీటర్లు జరిపితే దాదాపు 84 డిగ్రీలు తిరిగినట్టే. పాత ఏ7 జతలో రెండు హార్న్‌లు రెండు వేర్వేరు లోతుల్లో ఉన్నాయంటే, ఎడమ కుడి ఛానళ్ల ధ్వని ఒకేలా ఉండదని చూడగానే చెప్పవచ్చు.

వడపోత వాలు, ఫేజ్ తిరుగుడు

వడపోత వాలును ఆక్టేవ్‌కు ఇన్ని డెసిబెల్స్ అని కొలుస్తారు. పౌనఃపున్యం రెట్టింపయ్యే, లేదా సగమయ్యే, ప్రతిసారీ శబ్దం ఎంత తగ్గుతుందో అది.

అన్నిటికన్నా సులువైనది 6 డెసిబెల్స్ వాలు, అంటే మొదటి తరగతి వడపోత: ట్వీటర్‌కు ఒక కెపాసిటర్, వూఫర్‌కు ఒక కాయిల్. 8 ఓమ్‌ల డ్రైవర్లకు 3000 హెర్ట్జ్ వద్ద పంపకం కావాలంటే సుమారు 6.6 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్, 0.42 మిల్లీహెన్రీల కాయిల్ సరిపోతాయి. సరిహద్దు వద్ద ట్వీటర్ 45 డిగ్రీలు ముందుంటుంది, వూఫర్ 45 డిగ్రీలు వెనకపడుతుంది. మధ్య తేడా ఎక్కడైనా 90 డిగ్రీలే. కాగితం మీద ఈ రెండింటినీ కలిపితే అసలు సంకేతం చెక్కుచెదరకుండా తిరిగి వస్తుంది. ఆ గుణం మరే మామూలు వడపోతకూ లేదు. దానికి చెల్లించే మూల్యం మాత్రం పెద్దది. వాలు మెల్లగా ఉండటంతో ట్వీటర్ తనకు చేతకాని మంద్ర స్వరాలనూ మోయాలి, డ్రైవర్లు రెండూ చాలా విశాలమైన పట్టీలో కలిసి పలకాలి. పైగా 90 డిగ్రీల తేడా వల్ల కలిసిన ధ్వని నేరుగా ఎదురుకు రాక, వెనకపడిన డ్రైవర్ వైపు, అంటే మామూలుగా కిందనుండే వూఫర్ వైపు, వాలుతుంది.

1970ల జేబీఎల్ ఎల్100 మరీ పొదుపైనది. దాని 12 అంగుళాల వూఫర్‌కు వడపోతే లేదు. ఆంప్లిఫయర్ నుంచి తీగ నేరుగా దానికే పోతుంది. కోన్ తనంత తానుగా తగ్గే చోట, దాదాపు 1500 హెర్ట్జ్ దగ్గర, మిడ్‌రేంజ్ అందుకుంటుంది. 6000 హెర్ట్జ్ నుంచి ట్వీటర్. ఆ స్పీకర్ ఉత్సాహమూ గరుకుతనమూ కొంతవరకు ఇక్కడినుంచే వచ్చాయి. దాన్ని లోపమని సరిదిద్దేవారున్నారు, కానీ సరిదిద్దాక మిగిలేది ఎల్100 కాదు.

పాత స్పీకర్లలో ఎక్కువగా కనిపించేది 12 డెసిబెల్స్ వాలున్న రెండో తరగతి వడపోత. అపోహలు ఎక్కువ పుట్టేదీ దీని దగ్గరే. ఇందులో ట్వీటర్, వూఫర్ వడపోతల మధ్య అన్ని పౌనఃపున్యాల వద్దా 180 డిగ్రీల తేడా ఉంటుంది. రెంటినీ ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్‌గా కలిపితే సరిహద్దు వద్ద రెండూ ఒకదాన్నొకటి మింగేసి లోతైన గుంట పడుతుంది. అందుకని ట్వీటర్ తీగలను తిప్పి కలుపుతారు. త్రీ-వేలో రెండు సరిహద్దుల్లోనూ ఈ వడపోతే ఉంటే మధ్యనున్న మిడ్‌రేంజ్‌ను తిప్పుతారు. వూఫర్, ట్వీటర్ నిటారుగా, మిడ్‌రేంజ్ తలకిందులుగా. పెట్టె తెరిచి చూసినవారికి ఫ్యాక్టరీలో ఎవరో తీగలు తారుమారు చేసినట్టు కనిపిస్తుంది. "సరి" చేస్తారు. ఆ క్షణం నుంచి గొంతు పలికే పట్టీలో స్వరం చచ్చిపోతుంది.

వడపోతల లెక్కల్లో బటర్‌వర్త్ అన్న పేరు తరచూ వస్తుంది. బ్రిటిష్ ఇంజినీర్ స్టీఫెన్ బటర్‌వర్త్ 1930లో ప్రకటించిన పద్ధతి అది. రెండో తరగతిలో ఆ లెక్క ప్రకారం సరిహద్దు వద్ద ఒక్కో డ్రైవర్ 3 డెసిబెల్స్ తగ్గి ఉంటుంది. ట్వీటర్‌ను తిప్పి కలిపాక మొత్తం 3 డెసిబెల్స్ ఉబ్బుతుంది. 18 డెసిబెల్స్ వాలున్న మూడో తరగతిలో తీగలు ఎటు కలిపినా మొత్తం బలం సమంగానే ఉంటుంది, కానీ ధ్వని కిరణం పైకో కిందకో వాలుతుంది. ఎటు వాలాలో నిర్ణయించేది ట్వీటర్ దిశే. కుర్చీలో కూర్చున్నప్పుడు ఒకలా, లేచి నిలబడితే ఒకలా వినిపించే పాత స్పీకర్లలో తరచూ ఇదే కారణం.

కాలిఫోర్నియాలో హ్యూలెట్ ప్యాకార్డ్ ఇంజినీర్లుగా పనిచేసిన సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్, రస్ రైలీ ఈ వాలు సమస్యకు పరిష్కారం చూపారు. లింక్‌విట్జ్ 1976లో ప్రచురించిన వ్యాసం, ఒకేచోట లేని రెండు డ్రైవర్లు గాలిలో ఎలా కలుస్తాయన్న ప్రశ్నను కేంద్రానికి తెచ్చింది. వారి పేరుతో నిలిచిన 24 డెసిబెల్స్ వడపోతలో సరిహద్దు వద్ద ఒక్కో డ్రైవర్ 6 డెసిబెల్స్ తగ్గి, రెండూ 360 డిగ్రీల తేడాలో, అంటే ఒకే ఫేజ్‌లో, ఉంటాయి. కిరణం నేరుగా వస్తుంది. 1976కు ముందు తయారైన స్పీకర్‌ను ఈ కొలబద్దతో తప్పుపట్టడం న్యాయం కాదు.

కాగితం ఒకటి, గాలి ఒకటి

పైన చెప్పిన లెక్కలన్నీ డ్రైవర్ 8 ఓమ్‌ల రెసిస్టర్‌లా ప్రవర్తిస్తుందని, రెండు డ్రైవర్లూ ఒకే బిందువు నుంచి పలుకుతాయని అనుకుని వేసినవి. ఏ డ్రైవరూ అలా ప్రవర్తించదు. అనునాదం వద్ద ఇంపెడెన్స్ కొండలా లేస్తుంది, పైకి పోతుంటే వాయిస్ కాయిల్ ప్రేరకత్వం వల్ల మళ్లీ పెరుగుతుంది. దాన్ని చదును చేయడానికి వూఫర్‌కు సమాంతరంగా రెసిస్టర్, కెపాసిటర్ జతను కలుపుతారు. బెల్ ప్రయోగశాల ఇంజినీర్ ఒట్టో జోబెల్ పేరుతో దాన్ని పిలుస్తారు. పాత క్రాస్‌ఓవర్లలో ఈ జత చాలాసార్లు ఉండదు. దాన్ని కొత్తగా చేర్చితే వడపోత వాలు మారుతుంది, దాంతో ఫేజూ మారుతుంది.

ఇంకా ముఖ్యమైన సంగతి: డ్రైవర్ సొంత తరుగుదల కూడా వడపోతే. ట్వీటర్ తన అనునాదం కింద ఆక్టేవ్‌కు 12 డెసిబెల్స్ చొప్పున పడిపోతుంది, ఫేజ్‌ను తిప్పుతుంది. అనునాదం సరిహద్దుకు దగ్గరగా ఉంటే బోర్డు మీద రెండో తరగతి వడపోత గాలిలో నాలుగో తరగతిగా పనిచేస్తుంది. అప్పుడు ట్వీటర్‌ను తిప్పకుండా నిటారుగా కలపడమే సరి కావచ్చు. బోర్డు మీది కెపాసిటర్లను లెక్కపెట్టి "రెండో తరగతి కాబట్టి ట్వీటర్ తిరగాలి" అని తేల్చేయడం కూడా అంతే తప్పు.

ఇక అమరిక. ట్వీటర్ డోమ్ పెట్టె ముందు పలకకు దాదాపు సమానంగా ఉంటుంది. వూఫర్ కోన్ లోపలికి దిగి ఉంటుంది. 3000 హెర్ట్జ్ తరంగదైర్ఘ్యం 11.4 సెంటీమీటర్లే కాబట్టి, ఒక్క సెంటీమీటర్ వెనుకబాటు 31 డిగ్రీలకు పైగా తేడా తెస్తుంది. అదే 500 హెర్ట్జ్ వద్ద 5 డిగ్రీలు. సరిహద్దు ఎంత పైకి పోతే అమరికలోని చిన్న తేడా అంత పెద్దదవుతుంది. ఏఆర్-3ఎ మిడ్‌రేంజ్‌ను 575 హెర్ట్జ్ వద్దే అందుకోనిచ్చినప్పుడు మొదటి సరిహద్దులో ఈ బాధ స్వల్పం. 5000 హెర్ట్జ్ వద్దనున్న రెండో సరిహద్దులో తప్పించుకోలేనిది.

డ్రైవర్లను ఒకదానిపై ఒకటి నిలువుగా పెడితే వ్యతికరణ గుంటలు పైకీ కిందకీ పడతాయి, శ్రోతకు పెద్దగా తగలవు. పక్కపక్కన పెడితే గదికి అడ్డంగా పరుచుకుంటాయి. కేంద్రాల మధ్య 20 సెంటీమీటర్ల దూరం, 3000 హెర్ట్జ్ సరిహద్దు, ఫేజ్ సమానం అనుకుంటే నేరు గీత నుంచి సుమారు 17 డిగ్రీల దగ్గరే మొదటి గుంట ఉంటుంది. నిలువుగా వినడానికి చేసిన స్పీకర్‌ను పుస్తకాల అరలో అడ్డంగా పడుకోబెట్టినవారు ఈ గుంటలో తల పెట్టుకుని కూర్చుంటున్నారన్నమాట.

రెండు డ్రైవర్లనూ ఒకే ఇరుసు మీద పెట్టడం ఒక మార్గం. 1940లలో ఆల్టెక్ 604, టానాయ్ డ్యుయల్ కాన్‌సెంట్రిక్ ఆ దారి పట్టాయి. పక్క గుంటలు పోయాయి గాని లోతు తేడా పోలేదు. 604లో ట్రెబుల్ డయాఫ్రం వూఫర్ కోన్ కంటే వెనక, అయస్కాంతం వైపు ఉంటుంది. 1970ల రెండో సగంలో వచ్చిన యూరీ 813 స్టూడియో స్పీకర్లో ఎడ్ లాంగ్ పద్ధతి ప్రకారం వూఫర్ సంకేతాన్ని క్రాస్‌ఓవర్‌లోనే ఆలస్యం చేసి దీన్ని సరిదిద్దారు.

లీనియర్ ఫేజ్ దశాబ్దం

1970లలో ఫేజ్ అమ్మకపు మాటగా మారింది. రిచర్డ్ హేజర్ కొలత పద్ధతులు డ్రైవర్ల ధ్వని ఏ క్షణంలో వస్తుందో చూపించగలిగాయి. ఇంగ్లండ్‌లో కెఫ్ సంస్థ కంప్యూటర్‌తో స్పీకర్ స్పందనను విశ్లేషించడం మొదలుపెట్టింది. మెట్లుగా పేర్చిన పెట్టెలతో టెక్నిక్స్ ఎస్‌బీ-7000, విడివిడి తలలతో కెఫ్ 105, విడివిడి పలకల మీద డ్రైవర్లు నిలిపిన డాల్‌క్విస్ట్ డీక్యూ-10 ఆ కాలానివే. వాటిలో మెట్లు నిజమే. వాటిని అనుకరించి ముందు పలకను కాస్త వాల్చి అదే పేరు పెట్టుకున్నవీ ఉన్నాయి. క్రాస్‌ఓవర్ సొంతంగా ఫేజ్‌ను తిప్పుతున్నంత కాలం మెట్లు ఒక్కటే తరంగ రూపాన్ని కాపాడలేవు.

అన్నిటికన్నా తెలివైన ప్రయత్నం డెన్మార్క్‌లో జరిగింది. బ్యాంగ్ అండ్ ఒలుఫ్‌సెన్ ఇంజినీర్ ఎరిక్ బేక్‌గార్డ్, రెండో తరగతి వడపోతలో ట్వీటర్, వూఫర్ మధ్య గణితం ప్రకారం తక్కువ పడే భాగమేదో లెక్కగట్టి, ఆ భాగాన్ని మాత్రమే పలికే మూడో చిన్న డ్రైవర్‌ను చేర్చాడు. మూడూ కలిస్తే అసలు తరంగం తిరిగి వస్తుంది. యూని-ఫేజ్ పేరుతో వచ్చిన బియోవాక్స్ స్పీకర్లలో మామూలు త్రీ-వేగా కనిపించే ఆ నడిమి డ్రైవర్ నిజానికి మిడ్‌రేంజ్ కాదు, పూరకం. అది పాడైతే వేరే మిడ్‌రేంజ్ తెచ్చి బిగించి లాభం లేదు.

చెవికి ఇదంతా ఎంత తెలుస్తుంది? హెల్మ్‌హోల్ట్జ్ కాలం నుంచి చెవి ఫేజ్‌ను పట్టించుకోదన్న వాదన ఉంది. అది పూర్తిగా నిజం కాదని, తగిన సంకేతాలతో తేడా వినవచ్చని లిప్‌షిట్జ్, పొకాక్, వాండర్‌కోయ్ 1982లో చూపారు. మరోవైపు బ్లౌవర్ట్, లాస్ 1978లో కొలిచిన ప్రకారం పౌనఃపున్యాల మధ్య ఆలస్యం 1000 హెర్ట్జ్ వద్ద 2, 2000 వద్ద 1 మిల్లీసెకను దాటితేనే చెవికి తెలుస్తుంది. 3000 హెర్ట్జ్ వద్ద లింక్‌విట్జ్-రైలీ నాలుగో తరగతి వడపోత తెచ్చే ఆలస్యం సుమారు 0.15 మిల్లీసెకను. ఇంటి స్పీకర్లో క్రాస్‌ఓవర్ తరంగ రూపాన్ని మార్చడం చెవికి దాదాపు అందదు. అందేది, నిస్సందేహంగా అందేది, ఫేజ్ కలవక స్వరంలో పడిన గుంట.

పునరుద్ధరణలో

పాత క్రాస్‌ఓవర్ మీద మొదట పడే నింద ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లది. ఏళ్ల తరబడి అవి విలువ మారడం, లోపలి నిరోధం పెంచుకోవడం నిజమే. అయితే పరిమాణం చూడాలి. మొదటి తరగతి వడపోతలో కెపాసిటర్ 20 శాతం పెరిగితే సరిహద్దు 17 శాతం దిగుతుంది, పాత సరిహద్దు వద్ద ఫేజ్ మారేది 5 డిగ్రీలు. తిప్పి కలిపిన తీగ మార్చేది 180 డిగ్రీలు. కెపాసిటర్ల మీద పెట్టే ఖర్చుకూ తీగల మీద పెట్టే శ్రద్ధకూ మధ్య పొంతన ఉండటం లేదు. ఎలక్ట్రోలిటిక్ స్థానంలో ఫిల్మ్ కెపాసిటర్ వేసినప్పుడు లోపలి నిరోధం తగ్గి ట్వీటర్ కాస్త పెద్దగా వినిపించవచ్చు. పాత రూపకర్త ఆ నిరోధాన్నీ లెక్కలో వేసుకుని ఉంటే, దానికి సమానమైన చిన్న రెసిస్టర్‌ను వరుసలో కలపాలి.

వూఫర్ దిశ చూడటానికి 1.5 వోల్టుల బ్యాటరీ క్షణంపాటు ఆనించడం పాత పద్ధతి. కోన్ బయటికి వస్తే ప్లస్ ప్లస్‌కే కలిసిందని అర్థం. దీనికి రెండు పరిమితులున్నాయి. కెపాసిటర్ వెనకున్న ట్వీటర్‌ను స్పీకర్ టెర్మినళ్ల నుంచి ఇలా పరీక్షించలేం. రెండోది, పాత జేబీఎల్ డ్రైవర్లు చాలావరకు ఎర్ర టెర్మినల్‌కు ప్లస్ ఇస్తే లోపలికి పోయేలా తయారైనవి. అది ఆ సంస్థ పాటించిన సంప్రదాయం. జత మొత్తం అలాగే ఉంటే ఇబ్బంది లేదు, ఒక డ్రైవర్ స్థానంలో వేరే తయారీది పెట్టినప్పుడు మాత్రం చిక్కు వస్తుంది. ఎడమ స్పీకర్‌కు కుడి స్పీకర్ తలకిందులుగా కలవడం వేరే దోషం. అప్పుడు మంద్రం మాయమై, గాయకుడు నడుమ నిలవకుండా గదంతా పరుచుకుంటాడు. దాన్ని ఆంప్లిఫయర్ దగ్గరి తీగలతోనే సరిచేయాలి, పెట్టె తెరవక్కరలేదు.

సరైన పరీక్ష కొలత మైక్రోఫోన్‌తో, డ్రైవర్ల మధ్య ఎత్తులో, శ్రోత కూర్చునే దిశలో జరుగుతుంది. ట్వీటర్‌ను ఉన్న దిశలో ఒకసారి, తిప్పి ఒకసారి కొలిస్తే, ఒకదానిలో సరిహద్దు వద్ద నునుపైన గీత, రెండోదానిలో లోతైన, రెండు వైపులా సమానమైన గుంట కనిపించాలి. గుంట ఎంత లోతుగా ఉంటే, సరైన దిశలో ఫేజ్ అంత బాగా కలుస్తోందని అర్థం. రెండు కొలతలూ ఒకేలా ఉంటే డ్రైవర్ల మధ్య తేడా 90 డిగ్రీల దగ్గర ఉందన్నమాట. మొదటి, మూడో తరగతి వడపోతల్లో అది సహజమే, రెండో తరగతిలో అయితే ఏదో మారిపోయింది. గదిలో గోడల ప్రతిధ్వని కొలతను కలుషితం చేస్తుంది కాబట్టి, తొలి కొన్ని మిల్లీసెకన్ల ధ్వనినే లెక్కలోకి తీసుకునే కంప్యూటర్ ప్రోగ్రామ్ వాడాలి. అలాంటివి ఇప్పుడు ఉచితంగానే దొరుకుతున్నాయి.

పాత స్పీకర్ తెరిచేవారు తీగ ఊడదీయకముందే ప్రతి అతుకునూ ఫోటో తీసి, ఏ రంగు తీగ ఏ టెర్మినల్‌కు పోతోందో కాగితం మీద రాసుకోవాలి. కొలత చూపించేవరకు ట్వీటర్‌ను ఉన్న దిశలోనే తిరిగి టంకం వేయాలి.